మూల విగ్రహాన్ని సవరించుట గురించి

మా లంకలపేటలో అప్పటికి పదిహేడు విగ్రహాలున్నాయి. అన్నీ నిలబడే ఉంటాయి. పదహారింటికి కుడిచేతి చూపుడువేలు పైకి ఉంటుంది. పదిహేడోదానికీ ఉండేది గానీ, ఇసుక లారీ ఒకటి వెనక్కి వస్తూ తగిలింది. ఆ వేలు మా ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది.

నేను మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు పేర్రాజు. కుళాయిలు, కుక్కలు, విగ్రహాలు, ఈ మూడు ఫైళ్ళూ నా బల్లమీదే ఉంటాయి. కుళాయిల గురించి అర్జీలు వస్తాయి, కుక్కల గురించి ఫోన్లు వస్తాయి. విగ్రహాల గురించి మాత్రం ఊరేగింపులు వస్తాయి. అందుచేత ఆ ఫైలంటే నాకు కొంచెం భయం.

ఆ ఏడాది వేసవిలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పథకం పేరు ‘విశ్వశిల్ప వీధి’. పౌరులలో సౌందర్యస్పృహను తొంభై దినములలోగా పెంపొందించవలెనని, అందుకుగాను ప్రతి పురపాలక సంఘమూ తన ప్రధాన కూడలిలో ప్రపంచ ప్రఖ్యాత శిల్పము యొక్క నకలు ఒకటి నెలకొల్పవలెనని అందులో ఉంది. వెనక పన్నెండు ఇటలీ శిల్పాల జాబితా, ఒక్కోదానికి తపాలాబిళ్ళంత బొమ్మ.

మా కమిషనర్ ధనంజయరావు గారు మాట్లాడేటప్పుడు కూడా పేరాలకి నంబర్లు వేస్తారు. కళ్ళజోడు పైకెత్తి జాబితా అంతా చూసి ఏడో బొమ్మ మీద వేలు పెట్టారు.

“ఒకటి, ఇతను వేలు పైకెత్తాడు. రెండు, మన ప్రజలకి ఇది అలవాటైన మోడల్. మూడు, ఇదే ఖాయం.”

ఏడో బొమ్మ మెర్క్యురీ. నాలుగున్నర శతాబ్దాల కిందట ఇటలీలో ఒక శిల్పి కంచుతో పోసిన దేవదూత. తలమీద రెక్కల శిరస్త్రాణం, మడమలకి రెక్కలు, ఎడమచేతిలో రెండు పాములు చుట్టుకున్న దండం. ఎడమకాలి మునివేళ్ళ మీద లేచి, కుడికాలు వెనక్కి చాచి, ఇక గాల్లోకి వెళ్ళిపోబోతున్నట్టుంటాడు. కబుర్లు మోసుకుపోవడం ఆయన పని.

‘మెర్క్యురీ ఒకటి, ఎత్తు తొమ్మిది అడుగులు’ అని నేను ఫైలు పెట్టాను. అది తిన్నగా వీధిదీపాల విభాగానికి వెళ్ళింది. పదకొండు రోజుల తరవాత జవాబు వచ్చింది: ‘మెర్క్యురీ దీపములు నిలిపివేయబడినవి. ఎల్‌ఇడి వాడగలరు.’

ఆ జవాబుకి జవాబు రాసి, శిల్పి విరూపాక్షాచారిని పిలిపించాను. మా పదిహేడు విగ్రహాల్లో పద్నాలుగు ఆయన చేసినవే. ఏటిగట్టు దిగువన ఆయన షెడ్డు. ముప్పైయొక్కేళ్ళుగా అదే పని: పంచె, కండువా, పైకెత్తిన వేలు. మొహం ఒక్కటే మారుస్తాడు. ఒక్కోసారి ఊళ్ళో పరిస్థితులు మారితే, మొహం మార్చడానికి కూడా మళ్ళీ ఆయన్నే పిలుస్తారు.

చారి ఆ బొమ్మని కిటికీ దగ్గిరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి కూర్చోలేదు.

“ఇంతకాలం నేను చేసినోళ్ళందరూ నిలబడ్డోళ్ళేనండి పేర్రాజు గారూ. ఈయన నిలబళ్ళేదు. ఎల్లిపోతన్నాడండి.”

“చెయ్యగలరా?”

“ఒక్క కాలి మీద తొమ్మిదడుగుల మనిషి. మా నాన్న కూడా చెయ్యలేదండి అలాంటిది,” అన్నాడు. చెయ్యగలనని గానీ, లేనని గానీ అనలేదు. బొమ్మ మాత్రం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల రోజుల తరవాత పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మంటే షెడ్డుకి వెళ్ళాను. గుమ్మంలోనే ఆయన భార్య మాణిక్యమ్మ గారు ఎదురొచ్చింది.

“మీ ఆఫీసోళ్ళు ఏం పురమాయించేరో గానండీ, మడిసి ఇంట్లో కూడా ఒంటికాలి మీదే నడుత్తున్నాడు. బరువెక్కడ పడతందో చూసుకోవాలంట. మొన్న పీటకి తగిలి పడ్డాడు కూడాను.”

లోపలికి వెళ్ళాను. ఫైబరుతో చేసి కంచురంగు వేసిన మనిషి, కాలిలోంచి దిమ్మదాకా ఒకే ఒక్క ఇనపకడ్డీ ఆధారం. నడుముకి మాత్రం చారి ఒక చిన్న గుడ్డ చుట్టాడు, గాలికి ఎగురుతున్నట్టు. “ఊళ్ళో అప్పచెల్లెళ్ళు తిరుగుతారు కదండీ,” అన్నాడు. నాకు శిల్పాల గురించి తెలియదు. తెలిసిందల్లా ఒకటే: నేను అప్రయత్నంగా రెండడుగులు పక్కకి తప్పుకున్నాను, ఆ దేవదూత వెళ్ళడానికి దారి ఇవ్వాలనిపించి.

“బావుందండీ చారి గారూ,” అన్నాను. ఆయన తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు.

కూడలిలో పెట్టడానికి ముందు ప్రొఫార్మా నింపాలి. మా దగ్గిర విగ్రహాలకి ఉన్నది ఒక్కటే ప్రొఫార్మా, అది నాయకుల కోసం చేసింది. ‘నాయకుని పేరు’ అన్నచోట శ్రీ మెర్క్యురీ గారు అని రాశాను. ‘తండ్రి పేరు’ అన్నచోట పుస్తకాలు చూసి శ్రీ జూపిటర్ గారు అని రాశాను. ‘వర్ధంతి’ ఎదురుగా, ఆయన దేవుడు కాబట్టి, లేదు అని రాశాను. ‘జయంతి’ దగ్గిర ఆగిపోయాను. కమిషనర్ గారిని అడిగాను.

“ఒకటి, మెర్క్యురీ అంటే మన బుధుడు. రెండు, బుధుడికి బుధవారం. మూడు, ఏ బుధవారమో చెప్పలేదు కనక, అన్నీ వేసెయ్యండి.”

దాంతో మా ఊళ్ళో ప్రతి బుధవారం మెర్క్యురీ జయంతి అయింది. ఉదయం పదింటికి సిబ్బంది అంతా హాజరై పూలమాల వెయ్యాలని ఉత్తర్వు వేశారు. అప్పటికి విగ్రహం ఇంకా షెడ్డులోనే ఉంది. రెండు బుధవారాలు మేం షెడ్డుకే వెళ్ళి దండ వేశాం. మాణిక్యమ్మ గారు అందరికీ మజ్జిగ ఇచ్చింది.

తరవాత ఫైలు అనుమతులకి బయల్దేరింది.

మొదట ఇంజనీరింగ్ విభాగం. అసిస్టెంట్ ఇంజనీరు త్రినాథ్ టేపు పట్టుకుని విగ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగి, రాసుకున్న కాగితంలోంచి చదివాడు: “విగ్రహ నిర్దేశాలు, పేరా నాలుగు. విగ్రహము రెండు పాదములపై నిలబడియుండవలెను, లేదా కూర్చుండియుండవలెను. మూడో భంగిమకి ప్రొవిజన్ లేదండి.”

“గుర్రం మీద ఉంటేనో?” అన్నాను.

“అప్పుడు గుర్రం పాదాలు లెక్క.”

చారి మొదటిసారి గొంతు పెంచాడు. “కడ్డీ చూడండి సార్. నలుగురు మడుసులు ఎక్కి ఊగండి, నేను పూచీ. కాలు దించితే ఈయన ఎగరడండి. నిలబడిపోతాడు. నిలబడ్డోళ్ళు ఊళ్ళో పదిహేడు మంది ఉన్నారు కదండీ!”

“నేను పడిపోతుందనడం లేదండి చారి గారూ. మీ పని బ్రహ్మాండం. పడకపోయినా పేరా నాలుగుకి విరుద్ధమే అంటున్నాను,” అన్నాడు త్రినాథ్. పాపం, అతనూ చెడ్డవాడు కాదు. పేరా నాలుగు అతను రాసింది కాదు.

కాలు దించవలసిందిగా ఉత్తర్వు నేనే టైపు చేశాను. చారి ఆ కుడికాలు కోసి, తిన్నగా ఉండే కొత్త కాలు చేసి అతికించాడు.

ఇక మిగతావి తేలిగ్గా జరిగిపోయాయి. ట్రాఫిక్ వాళ్ళు శిరస్త్రాణాన్ని హెల్మెట్‌గా గుర్తించి, కూడలిలో పెట్టే హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ లేకపోతే యువత పెడదారి పడుతుందన్నారు. రెక్కలు తీసేయమన్నారు, హెల్మెట్‌కి అదనపు హంగులు నేరమట. పాముల సంగతి అటవీ శాఖకి వెళ్ళింది. అవి ఏ జాతివో, ఎక్కడ పట్టారో తెలపమన్నారు. జాతి తెలియదని రాస్తే, జాతి తెలియని పాములను బహిరంగంగా ప్రదర్శించరాదన్నారు. దండం తీసేసి ఆ చేతిలో చుట్టిన కాగితం ఒకటి పెట్టాం. మడమల రెక్కలు పక్షివా, కాదా అని పశువైద్యశాఖ తేల్చలేకపోయింది. తేలేలోపు తీసేశాం. ఆఖరికి కౌన్సిల్ సమావేశంలో, అంత పెద్దమనిషికి ఆ చిన్న గుడ్డేమిటని సభ్యులు బాధపడ్డారు. చారి పంచె కట్టాడు. పంచె ఉన్నాక కండువా లేకపోతే వెలితిగా ఉందన్నారు. అదీ వేశాడు.

ప్రతి మార్పుకీ చారి “అలాగేనండి” అనేవాడు. కాలు దించాక ఆయన ఇక దేనికీ వాదించలేదు.

తొంభయ్యో రోజున ఆవిష్కరణ జరిగింది. పరదా లాగారు. పంచె, కండువా, హెల్మెట్, చేతిలో కాగితం, పైకెత్తిన వేలు. జనం చప్పట్లు కొట్టారు. ఏ పార్టీ వాళ్ళకి ఆ పార్టీ మనిషిలా కనిపించాడు. హెల్మెట్ చూసి, రోడ్డు ప్రమాదంలో పోయాడు కాబోలని ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. వేదికమీద చారికి శాలువా కప్పి రెండు మాటలు చెప్పమంటే, ఆయన మైకు పట్టుకుని, “నమస్కారమండి” అని తిరిగి ఇచ్చేశాడు.

నెల తిరక్కుండా రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళ దగ్గిర అసలు శిల్పం కొలతలూ, వివరాలూ ఉన్నాయి. విగ్రహాన్ని చూసి, కాగితాన్ని చూసి, ‘నకలునకు, మూలమునకు మధ్య ఆరు వ్యత్యాసములు గుర్తించడమైనది. ఎవరు బాధ్యులో తెలుపగలరు’ అని రాసి వెళ్ళిపోయారు.

ఆ కాగితం చూశాక కమిషనర్ గారికి రెండు రోజులు జ్వరం. మూడో రోజు లేచి వచ్చి ఫైలంతా తెప్పించుకుని చదివారు. చదువుతున్న కొద్దీ మొహం తేటపడింది.

“పేర్రాజు గారూ, ఒకటి. మన విగ్రహంలో ప్రతి అంగానికీ అనుమతి ఉందా, లేదా?”

“ఉందండి.”

“రెండు. ఆ ఇటలీ విగ్రహానికి? కాలికి ఇంజనీరింగ్ సర్టిఫికెట్ ఉందా? పాములకి అటవీ శాఖ వారి కాగితం ఉందా?”

“మన ఫైల్లో అయితే లేదండి.”

“మూడు.” ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “అయితే అనధికారంగా ఉన్నది ఏది?”

ఆయన ఉత్తరం చెప్పడం మొదలుపెట్టారు, నేను రాసుకున్నాను:

‘విషయము: మెర్క్యురీ – మూల విగ్రహము – నకలుతో వ్యత్యాసములు – సవరించుట గురించి.

తమకు తెలియజేయునది ఏమనగా, మా పురపాలక సంఘమువారు నెలకొల్పిన నకలు విగ్రహము అన్ని అంశములలోను సంబంధిత శాఖల అనుమతి పొందియున్నది. తమ వద్దనున్న మూల విగ్రహమునకు ఏయే అనుమతులు కలవో తెలియరాలేదు. కావున ఈ లేఖ అందిన ముప్పది దినములలోగా మూల విగ్రహము యొక్క కుడికాలిని క్రిందికి దింపించి, పాములను తొలగించి, తగు వస్త్రధారణ గావించి, మా నకలునకు సరిపోల్చి, ఛాయాచిత్రమును పంపవలసినదిగా కోరడమైనది.’

దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఇటలీలో ఆ శిల్పం ఉన్న మ్యూజియానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. కాపీ ఒకటి తనిఖీ బృందానికి పంపాం. వాళ్ళు ‘మూలము సవరించబడు వరకు అంశము పెండింగులో ఉంచడమైనది’ అని జవాబిచ్చారు. ధనంజయరావు గారికి ఈ పరిష్కారం మంచి పేరు తెచ్చింది. పదిరోజుల్లో ఇంకా పెద్ద ఊరికి బదిలీ చేశారు.

అంతలో ఎన్నికలొచ్చాయి. కోడ్ అమల్లోకి రాగానే నాయకుల విగ్రహాలన్నిటికీ ముసుగులు వెయ్యాలి. మెర్క్యురీ నాయకుడా, కాదా అని త్రినాథ్ అడిగాడు. ప్రొఫార్మా తీసి చూపించాను. జయంతి ఉంది, తండ్రి పేరు ఉంది. ముసుగు వేశాం.

మర్నాడు పొద్దున్నే చారి నా బల్ల ముందుకి వచ్చి నిలబడ్డాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. కాగితం నా ముందు పెట్టాడు. ‘విగ్రహమునకు వార్షిక మరమ్మతు చేయుటకు అనుమతి కోరుచూ’ అని ఉంది.

“పెట్టి మూణ్ణెల్లు కాలేదు. వార్షిక మరమ్మతు ఏమిటండీ?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ముసుగులో ఉన్నాడు కదండీ. ఎవరూ చూడరు. నాలుగు రోజులు నన్ను లోపల పనిచేసుకోనిస్తే చాలండి. తరవాత మీరు బద్దలుకొట్టించినా సరే. ఒక్కసారి ఆడు అక్కడ, ఆ గాలిలో, ఆడిలాగ ఉండాలండి. ఊరంతా నన్ను చూసి, ‘చారీ, మీ మెర్క్యురీ అచ్చం మా పెదనాన్నలాగున్నాడయ్యా’ అంటన్నారండి. ఆ రోడ్డు ఎంట రాలేకపోతన్నాను.”

పదవీవిరమణకి నాకింకా పద్నాలుగు నెలలుంది. అనుమతి పొందిన విగ్రహాన్ని అనుమతి లేకుండా మార్చనిస్తే ఏమవుతుందో, అలాంటి మెమోలు ఎన్నో టైపు చేసినవాణ్ణి, నాకు తెలుసు. కానీ ఆ కాలు దించమన్న ఉత్తర్వు టైపు చేసింది కూడా నేనే.

“పాత కాలు ఉందా?” అన్నాను.

“ఉందండి,” అన్నాడు ఆయన వెంటనే. “మా ఆవిడ గోనెపట్టా చుట్టి అటకమీద పెట్టింది. రెక్కలు, పాములు, అన్నీ ఉన్నాయండి.”

కాగితం మీద ‘అనుమతించడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. ఇరవైయెనిమిదేళ్ళ సర్వీసులో, పైవాళ్ళకి పంపకుండా నేను తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

నాలుగు రోజులు పట్టపగలే, పోలీసు పికెట్‌కి ఎదురుగా, ముసుగు లోపల రంపం చప్పుడు వినిపించింది. కానిస్టేబులు ఒకసారి అడిగితే, చారి అనుమతి కాగితం గుడ్డ కిందనుంచి బయటికి చాపాడు. కానిస్టేబులు అది చదివి సెల్యూట్ కొట్టాడు. మాణిక్యమ్మ గారు మధ్యాహ్నం కేరేజీ తెచ్చి గుడ్డ లోపలికి అందించేది. నేను ఆ నాలుగు రోజులూ ఆ దారిన వెళ్ళలేదు.

ఎన్నికలు ముగిసేసరికి రెండు సంగతులు జరిగాయి. హైమావతి గారని కొత్త కమిషనర్ వచ్చారు. ఇటలీ నుంచి ఉత్తరం వచ్చింది.

హైమావతి గారు కళ్ళతో కంటే ఫైలుతో ఎక్కువ చూసే మనిషి. ఊరిని ఇంకా పూర్తిగా చూడలేదు గానీ ఫైళ్ళన్నీ చదివేశారు. ఉత్తరం విప్పారు. రెండే వాక్యాలు: మా శిల్పంపై మీ ఆసక్తికి ధన్యవాదాలు. మీరు కోరిన ఛాయాచిత్రం జతపరుస్తున్నాము.

“సవరించి ఫోటో పంపమన్నాం. ఫోటో పంపారు,” అన్నారావిడ. “అంటే సవరించినట్టే. ఇక మన విగ్రహంతో సరిపోల్చి క్లోజ్ చెయ్యాలి. ముసుగు తీయించండి.”

నేను, త్రినాథ్, చారి, మేడం, అందరం కూడలికి వెళ్ళాం. పనివాళ్ళు తాళ్ళు విప్పి గుడ్డ లాగారు.

మెర్క్యురీ ఒక్క కాలి మీద ఉన్నాడు. రెండో కాలు వెనక్కి, గాల్లోకి. రెక్కలున్నాయి, పాములున్నాయి. వేలు మాత్రం ఇప్పుడు ఎవరినీ ఉద్దేశించినట్టు లేదు, ఉత్త ఆకాశానికేసి చూపిస్తోంది.

మేడం ఫోటో ఎత్తి పట్టుకుని, దాన్నీ విగ్రహాన్నీ మార్చి మార్చి చూశారు.

“అచ్చంగా సరిపోయింది,” అన్నారు చివరికి. “వ్యత్యాసములు లేవు. చూశారా పేర్రాజు గారూ, గట్టిగా ఒక ఉత్తరం రాస్తే విదేశాల వాళ్ళయినా దారికొస్తారు! కానీ ఈ నడుం దగ్గిర గుడ్డ? ఫోటోలో లేదే?”

“అది స్థానిక సంస్థల మర్యాద మేడం,” అన్నాను.

“రాయండి, అలాగే రాయండి. త్రినాథ్ గారూ, విగ్రహం రెండు కాళ్ళ మీద ఉందని మీరు సర్టిఫై చేసినట్టుంది?”

త్రినాథ్ విగ్రహం కేసి చూశాడు, చారి కేసి చూశాడు. కాలు మారిందని చెబితే, మారినప్పుడు తను ఎక్కడున్నాడో కూడా చెప్పాలి. ఆ లెక్కలో ఉన్నాడేమో అనుకున్నాను గానీ, అతని మొహంలో ఇంకేదో కూడా ఉంది.

“రెండు కాళ్ళూ ఉన్నాయి మేడం,” అన్నాడు నెమ్మదిగా. “లెక్క సరిపోయింది.”

మేడం అక్కడే, జీపు బానెట్ మీద పెట్టుకుని, ఫైలు మూసేశారు. ఆవిడ వెనకే త్రినాథ్ కూడా జీపెక్కాడు. వెళ్ళేముందు చారి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వదిలాడు.

నేనూ చారీ మిగిలాం. ఆయన దిమ్మకి దూరంగా, సోడాబండి పక్కన నిలబడ్డాడు, సొంత విగ్రహం దగ్గిరికి వెళ్ళడానికి సిగ్గుపడుతున్నట్టు. పల్లె బస్సు కోసం ఒక ముసలమ్మ కూరగాయల గంప దించుకుని అక్కడే ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. కొంతసేపు అలాగే చూసి, తన గంపని దిమ్మ ముందునుంచి పక్కకి లాక్కుంది.

“ఎవురో పాపం,” అంది మాతో. “మహా తొందరలో ఉన్నాడు.”

చారి కండువాతో మొహం తుడుచుకుంటూ, అవునమ్మా అన్నట్టు తల ఊపాడు.